కుతుబ్‌ఖానా నుండి కల్వకుర్తి దాకా

హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ప్రాచీన అరబ్బీ గ్రంథాల వ్రాతప్రతులను సేకరించి, పరిష్కరించి ముద్రించే పనిని చేపట్టింది. అక్కడ అచ్చయిన గ్రంథాలు కైరో పండితులకూ, ఐరోపా విశ్వవిద్యాలయాలకూ చేరాయి. అల్‌బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్‌ఖానూన్ అల్‌మస్ఊదీ’ 1954-56లో మూడు సంపుటాలుగా ఇక్కడే వెలువడింది. సముద్రాలు దాటిపోయిన ఈ విద్య, అదే నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరాన, శ్రీశైలం దారిలో ఉన్న కల్వకుర్తికి ఎంతవరకు చేరిందన్న ప్రశ్నను మాత్రం మన చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు.

1891లో, ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ కృషి ఫలితంగా, ఆసఫియా కుతుబ్‌ఖానా నెలకొన్నది. అఫ్జల్‌గంజ్‌లోని నేటి భవనంలోకి అది 1936లో మారింది. గొప్ప సంపదే. అయితే చదువరి గ్రంథాన్ని వెతుక్కుంటూ నగరానికి రావాలి గాని, గ్రంథం చదువరి దగ్గరకు పోదు. రైలు మార్గమేమో జడ్చర్ల మీదుగా సాగి కల్వకుర్తిని పక్కన వదిలేసింది.

దూరం కన్నా పెద్ద అడ్డంకి భాష. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి వైద్యం, న్యాయం, విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైంది. ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో బోధించడం ఆ రోజుల్లో సాహసమే, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని రాజ్యంలో దాదాపు సగం మందిది తెలుగు. పాలమూరు పల్లెల్లోని ముస్లిం రైతు, దూదేకులవాడు, చిల్లర వ్యాపారి కూడా ఇంట్లో దక్కనీయో తెలుగో మాట్లాడేవారే తప్ప, ఆ ఉర్దూ గ్రంథాలను చదవగలిగిన వారు వారిలో అరుదు. ఉర్దూ వల్ల ముస్లిములందరూ విద్యావంతులయ్యారనే వాదం ఈ పల్లెల విషయంలో నిలవదు.

తెలుగు చదువరుల కోసం 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘం గ్రంథాలయాలను ప్రోత్సహించింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. ఉర్దూ, ఫార్సీలు బాగా తెలిసిన ఆయన తెలుగు పత్రిక నడపడానికి పూనుకోవడం గమనించదగినది. సభలకు అనుమతులు అడిగే నాటి ప్రభుత్వం ఈ చదువు కేంద్రాలను అనుమానంతోనే చూసింది.

1948 తరువాత, మరీ ముఖ్యంగా 1956 తరువాత, పరిస్థితి తలక్రిందులైంది. ముస్లిం పిల్లల్లో చాలామంది తెలుగు బడిలో చదువుకున్నారు. తాత సంతకం చేసిన కాగితం మనుమడికి బొమ్మలా కనిపించసాగింది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది గాని, మధ్య తరాల వారికి తప్పిపోయిన లిపి దానితో తిరిగి రాలేదు.

ఈలోగా గ్రంథాలు తెరమీదికి వచ్చాయి. రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో హైదరాబాదులోనూ వేలాది పుస్తకాలను స్కాన్ చేశారు. నేడు కల్వకుర్తి యువకుడు ఫోనులోనే వాటిని తెరవగలడు. కాని అవి పుటల ఫోటోలు మాత్రమే; మాట ఇచ్చి వెతికితే దొరకవు. చూపు లేనివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఫోటోలోని అక్షరం అక్షరమే కాదు. అంధ పాఠకుల కోసం పుస్తకాలను మార్చుకోవడానికి వీలు కల్పించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే. చట్టం అడ్డు తొలగించింది. మార్చే పని మాత్రం ఎవరో ఒకరు కూర్చుని చేయాలి.

వక్ఫ్ కాగితాల దగ్గర ఈ కథ మరింత పదునెక్కుతుంది. మసీదు, దర్గా, ఆషూర్‌ఖానాల భూములకు నిజాం కాలంలో ఇచ్చిన ముంతఖబ్‌లు ఉర్దూ, ఫార్సీలలో ఉన్నాయి. 2017 నవంబరులో హైదరాబాదులోని వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ప్రభుత్వం సీలు వేసింది; అది సంవత్సరాల తరబడి అలాగే ఉండిపోయింది. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో అందులో నమోదు చేయాలన్నది. పల్లెటూరి ముతవల్లీ ముందుగా ఆ కాగితం చదివి చెప్పేవారిని వెతకాలి, ఆ పిమ్మట దానిని స్కాన్ చేసి పోర్టల్‌లో ఎక్కించేవారిని వెతకాలి. ఈ రెండూ తెలిసిన మనిషి ఒకడే దొరికితే అది అతని అదృష్టం.