బెజాయా రేవులో తొమ్మిది అంకెలు, ఒక సున్న

"సున్నను ప్రపంచానికి ఇచ్చింది మనమే" అని ఎవరో ఒకరు అనకుండా మన దేశంలో సభ ముగియదు. ఇచ్చాం, సరే. ఎవరికిచ్చాం? వాళ్ళు ఏ దారిన తీసుకెళ్ళారు? రసీదు ఎక్కడుంది? ఇలా అడిగితే మాత్రం వక్తలకు కోపం వస్తుంది. బతుకంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిపినవాణ్ణి కనుక రసీదు అడగటం నాకు అలవాటు. ఈ విషయంలో నిజంగానే ఒక రసీదు ఉంది. అయితే అందులో మన ఊరి పేరు లేదు. ఆఫ్రికా ఉత్తర తీరంలోని ఒక బెర్బెర్ రేవు పేరుంది.

ఆ ఊరు బెజాయా. అల్జీరియా రాజధాని అల్జీర్స్‌కు తూర్పున, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. వెనక గురాయా కొండ సుమారు 660 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. పక్కనే సుమ్మామ్ నది సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టుపట్ల ఉండేవాళ్ళు కబైల్ జాతి బెర్బెర్లు. బెర్బెర్ అనేది పరాయివాళ్ళు పెట్టిన పేరు. తమ మాట అర్థం కానివాళ్ళను గ్రీకులు 'బార్బరోస్' అన్నారు, దాని నుంచి వచ్చింది. తమను తాము వాళ్ళు 'అమాజిగ్' అనుకుంటారు. వాళ్ళ భాషకు అల్జీరియాలో అధికార హోదా 2016లో గానీ దక్కలేదు. మధ్యయుగాల్లో ఈ రేవు నుంచి తేనెమైనం ఎంతగా ఎగుమతి అయ్యేదంటే, ఫ్రెంచి భాషలో కొవ్వొత్తికి 'బూజీ' అనే మాట ఈ ఊరి పేరు నుంచే వచ్చింది.

లెక్కకూ ఈ ఊరికీ సంబంధం పాతది. రోమన్ల కాలంలో దీని పేరు సాల్దే. ఊరికి నీళ్ళు తేవటానికి రెండో శతాబ్దం నడుమ కొండలో సొరంగం తవ్వారు. రెండు పక్కల నుంచీ రెండు జట్లు తవ్వుకుంటూ వచ్చాయి, కానీ మధ్యలో కలవలేదు. అప్పుడు సైన్యంలో కొలతలు తీసే నోనియస్ డాటస్ అనే ఉద్యోగిని పిలిపించారు. దారిలో దొంగలు అతణ్ణి కొట్టి, దోచుకున్నారు. గాయాలతోనే వచ్చి చూస్తే, రెండు జట్లు తవ్విన పొడవుల మొత్తం కొండ వెడల్పు కంటే ఎక్కువ! రెండు జట్లూ దారి తప్పాయనటానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. కూడిక చేస్తే చాలు. అతను మళ్ళీ కొలిపించి, తవ్వకాన్ని సరిచేయించాడు. నీళ్ళు వచ్చాయి. ఈ సంగతంతా రాతి మీద చెక్కించుకున్నాడు కనుకనే మనకు తెలిసింది. నేను చదివిన ఆడిట్ రిపోర్టుల్లో ఇంత మంచిది లేదు.

పదకొండో శతాబ్దంలో హమ్మాదీ వంశపు బెర్బెర్ రాజులు బెజాయాను రాజధానిగా చేసుకున్నారు. 1152లో అల్‌మొహద్‌లు దాన్ని పట్టుకున్నారు. వీళ్ళూ బెర్బెర్లే. వీళ్ళ మత గురువు ఇబ్న్ తూమర్త్ అంతకు మూడు దశాబ్దాల ముందు ఈ ఊళ్ళోనే సంగీతం కూడదని, మద్యం కూడదని గొడవ చేసినవాడు. అంత ఛాందసుడి అనుచరులు పాలించినా, రేవు మూతపడలేదు. ఇటలీలోని పీసా నగర వర్తకులు వస్తూనే ఉన్నారు. 1186లో పీసాకూ అల్‌మొహద్‌లకూ ఒప్పందమే జరిగింది.

ఆ పీసా వర్తకుల తరఫున బెజాయా సుంకాల కచేరీలో ఒక గుమాస్తా పనిచేసేవాడు. పేరు గుగ్లియెల్మో. లెక్కలు నేర్చుకుంటే ముందు ముందు పనికొస్తాయని కొడుకును చిన్నతనంలోనే అక్కడికి పిలిపించుకున్నాడు. ఆ కుర్రాడు లియొనార్డో. ఇవాళ ప్రపంచం అతన్ని ఫిబొనాచ్చి అంటోంది. 1202లో రాసిన 'లిబెర్ అబాచి' అనే గ్రంథం మొదట్లోనే అతను ఈ సంగతి చెప్పుకున్నాడు. తనకు బెజాయాలో నేర్పినవి భారతీయుల తొమ్మిది అంకెలని, వాటితోపాటు సున్న గుర్తు ఉంటే ఎంత సంఖ్యనైనా రాయవచ్చని స్పష్టంగా రాశాడు. నేనన్న రసీదు ఇదే.

అప్పటిదాకా యూరపులో పద్దులు రోమన్ అంకెల్లో రాసేవారు. లెక్క మాత్రం గళ్ళ పలక మీద బిళ్ళలు జరిపి కట్టేవారు. బిళ్ళ జరిపాక వెనకటి మెట్టు కనబడదు. లెక్క కట్టినవాడి మాట నమ్మాల్సిందే. ఈ తొమ్మిది అంకెలతో, సున్నతో కాగితం మీద కడితే ప్రతి మెట్టూ మిగులుతుంది. ఎవరైనా తప్పు పట్టుకోవచ్చు. పైగా, తొమ్మిదులు తీసేసి గుణకారాన్ని సరిచూసే పద్ధతి కూడా లియొనార్డో నేర్పాడు. ఆ పద్ధతికి ఒక లోపం ఉంది. అంకెలు తారుమారైతే, అంటే 54కు బదులు 45 పడితే, అది పట్టుకోలేదు. ఎందుకంటే అలాంటి తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగమవుతుంది. అదే కారణంగా ట్రయల్ బ్యాలెన్సులో తేడా తొమ్మిదితో భాగమైతే, మేము ముందుగా తారుమారైన అంకెల కోసం వెతికేవాళ్ళం.

కొత్త అంకెలను యూరపు వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. 1299లో ఫ్లోరెన్స్ డబ్బు మార్పిడి వర్తకుల సంఘం ఖాతా పుస్తకాల్లో వాటిని వాడకూడదని నియమం పెట్టింది. దీన్ని మూర్ఖత్వమని కొట్టెయ్యకూడదు. సున్నను తొమ్మిదిగా దిద్దటం తేలిక మరి. చెక్కు మీద మొత్తాన్ని నేటికీ అక్షరాల్లో కూడా రాస్తున్నాం కదా!

ఇప్పుడు మన వాటా ఎంతో చూద్దాం. సున్నతో కూడిక, తీసివేతలకు సూత్రాలు రాసింది బ్రహ్మగుప్తుడు, 628లో. భారతీయుల తొమ్మిది గుర్తులను సిరియా పండితుడు సెవెరస్ సెబోఖ్త్ 662లో మెచ్చుకున్నాడు. గ్వాలియర్ శాసనంలో 876 నాటి సున్న నేటికీ కనబడుతుంది. ఆధారాలు ఇంత గట్టిగా ఉంటే వేదాలను లాక్కురావటం దేనికి? ఇక "అరబ్బులు దొంగిలించారు" అనే మాటకు పస లేదు. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ పుస్తకం రాసిందే భారతీయ గణన మీద. దొంగ ఎవడైనా యజమాని పేరు అట్ట మీద వేస్తాడా?

బెజాయా ఒక్కటే దారి అని కూడా అనకూడదు. స్పెయిన్‌లో 976 నాటి ఒక రాతప్రతిలోనే ఈ తొమ్మిది అంకెలున్నాయి, సున్న లేకుండా. నేను చెప్పేది ఇంతే. వర్తకుడి చిట్టాలోకి ఆ అంకెలు రావటంలో బెజాయా వంతు గట్టిది.

ఇంకో సంగతి. ఈ వ్యాసంలో నేను వాడిన 1, 2, 3 రూపాలు తెలుగు అంకెలు కావు. మన ౧, ౨, ౩ను పక్కన పెట్టి వాడుతున్న ఈ రూపాలు మగ్రిబ్, స్పెయిన్ ప్రాంతాల్లో తయారై, యూరపు తిరిగి మన దగ్గరకు వచ్చాయి. వీటినే మన రాజ్యాంగం 343వ అధికరణం 'భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం' అంది. ఆ మాటలో ఇద్దరి వాటా ఉంది.

గురాయా కొండ శిఖరం మీద యెమ్మా గురాయా అనే అమ్మ గుడిలాంటి స్థలం ఉంది. యెమ్మా అంటే తల్లి. జనం మొక్కులతో ఎక్కుతారు. వాళ్ళను ఎగతాళి చెయ్యను, మన ఊళ్ళలోనూ ఉన్నదే. కానీ ఆ కొండ కింద ఒక కుర్రాడి చేత తొమ్మిది అంకెలూ దిద్దించిన పంతులు ఒకడుండాలి. లియొనార్డో ఆ బోధనను మెచ్చుకున్నాడు గానీ, పేరు రాయలేదు. ఆ పంతులు అరబ్బో, బెర్బెరో, ఏ మతంవాడో చెప్పటానికి ఆధారం లేదు. ఈసారి సభలో ఎవరైనా "సున్న మనది" అంటే, బ్రహ్మగుప్తుడి పేరు చప్పట్లతో చెప్పండి. ఆ పేరు లేని పంతులికీ ఒక పద్దు రాయండి. జమ ఒక్కటే రాసి మూసేస్తే అది లెక్క కాదు.