పొటాషు: పేరు ఒకటి, పదార్థములు మూడు

గోదావరి డెల్టాలోని రాయవరము పరిసరములలో వరి పండించు రైతు పొటాషు అనగా ఎరువు బస్తాను తలచుకొనును. బాణసంచా పనివాడు అదే మాట పలికినచో అతని మనస్సులో మెదలునది వేరొక పదార్థము.  రెండింటికిని వాడుకలో పేరొక్కటే.

2025వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన, దీపావళికి కొద్ది దినములు ముందుగా, రాయవరమునందలి ఒక బాణసంచా తయారీ కేంద్రములో ప్రేలుడు సంభవించి పలువురు మరణించిరి. దాని కారణమును నిర్ణయించుట మా పని కాదు. అయితే మందుగుండు ప్రస్తావన వచ్చినపుడెల్ల వినవచ్చు ఈ యొక్క మాట చరిత్రను పాఠకుల ముందుంచుట మాత్రము మా కర్తవ్యమని తలంచితిమి.

పొటాషు అను పేరు డచ్చి భాషనుండి పుట్టినది. దాని యర్థము కుండబూడిద. కట్టెల బూడిదను నీట కలిపి, తేటనీటిని వంచి, కుండలో ఇగురబెట్టగా మిగులు తెల్లని పొడియే తొలి పొటాషు. రసాయనికులు దీనిని పొటాషియం కార్బొనేటు అందురు. బూడిదనుండి క్షారము తీయు విద్య మన పూర్వులకు క్రొత్త కాదు. సుశ్రుతుడు తన సంహితలో ఒక అధ్యాయమునే దానికి కేటాయించి, మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని క్షారమును మూడు తెగలుగా విభజించెను. అరబ్బులు బూడిదకు వాడిన మాటనుండియే ఆల్కలీ అను పదము వచ్చినది. 1807లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కరగించిన పొటాషులో విద్యుత్తును ప్రవహింపజేసి, అందుండి ఒక క్రొత్త లోహమును వేరుచేసి, పొటాషియం అని నామకరణము చేసెను.

ఇక రెండవది రైతు పొటాషు. ఇది పొటాషియం క్లోరైడు. బస్తాపై మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అని యుండును. మూడవది బాణసంచా పొటాషు. అది పొటాషియం క్లోరేటు. క్లోరైడు, క్లోరేటు: చెవికి భేదము స్వల్పమే. కాని క్లోరేటులో మూడు ఆక్సిజన్ పరమాణువులు అదనముగా నున్నవి. వేడి తగిలినంతనే అది ఆ వాయువును విడిచి, ప్రక్కనున్న గంధకమునో బొగ్గునో భగ్గున మండించును. క్లోరైడునకు ఆ శక్తి లేదు.

ఇట్టి పేర్లకు ఒక పద్ధతి ఏర్పడినది 1787లో. లవోజియే, బెర్తొలే మొదలగు నలువురు ఫ్రెంచి పండితులు కూడి, పదాంతమును బట్టియే పదార్థ స్వభావము తెలియునట్లు పేర్లు కూర్చిరి. ఆనాటికి క్లోరిన్ మూలకమని ఎవరును ఎరుగరు. ఉప్పునుండి తీసిన ఆమ్లములో ఆక్సిజన్ కలదని భ్రమించి, దాని లవణములకు మ్యూరియేటు అని పేరిడిరి. 1810లో డేవీ ఆ పొరపాటును సవరించినను, వర్తకులు పాతపేరును వదలలేదు. మన ఎరువు బస్తాపై నేటికిని నిలిచియున్నది ఆ పాతపేరే.

ఆ నామకర్తలలో ఒకడైన బెర్తొలేయే క్లోరేటును తొలుత తయారుచేసినవాడు. తుపాకిమందులో సూరేకారమునకు బదులు దీనిని వాడవచ్చునని తలంచి, 1788లో ఎస్సొన్ అను చోట పరీక్షకు పూనుకొనిరి. మందు ప్రేలి ఇద్దరు మరణించిరి. అచ్చటికి వచ్చియున్న బెర్తొలే, లవోజియేలు అదృష్టవశమున బ్రతికి బయటపడిరి. అంతటి విద్వాంసులకే లొంగని పదార్థమిది. క్లోరేటు, గంధకముల మిశ్రమము ఒరపిడికే అంటుకొనగలదు. కావుననే మన దేశపు ప్రేలుడు పదార్థముల నియమములు ఆ రెంటిని కలుపుటను నిషేధించినవి.

పండితులకు పదార్థము తెలిసిన పిమ్మట పేరు తెలియును. దినకూలికి వచ్చిన పనివానికి మాత్రము పేరే ఆధారము. పొటాషు అని మాత్రమే చెప్పి డబ్బాను అతని చేతికిచ్చుట సగము మాట చెప్పుటయే. పొటాషియం క్లోరేటు అని పూర్తిపేరును తెలుగు లిపిలో డబ్బాపై వ్రాయుటకు పట్టు ఖర్చు స్వల్పము. పండుగనాడు ఇంట దీపము వెలిగించుకొను మనము ఆపాటి జాగ్రత్తను కోరుట న్యాయము.