రాజ్యం పోయినా నిలిచిన ఫౌజు

సురంగల్ నుంచి మొయినాబాద్ మీదుగా పట్నం పోతుంటే బీజాపూర్ రోడ్డు లంగర్‌హౌస్ చేరుస్తుంది. అక్కడే ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. ఇంకాస్త దిగువన అత్తాపూర్. అక్కడ సిఖ్ ఛావనీ అనే పేట ఉంది, బరంబాలా గురుద్వారా ఉంది. మూసీ ఒడ్డున సిక్కుల దండు ఎందుకు విడిసింది?

నిజాం నాసిరుద్దౌలా కాలంలో రాజ్యంలో సైనికులకు కొదవలేదు. కానీ చెప్పిన మాట వినేవాళ్లు తక్కువ. హైదరాబాద్ కంటింజెంట్ ఖర్చంతా నిజాముదే, పెత్తనం మాత్రం ఇంగ్లీషు దొరలది. ఆ సైన్యానికి జీతాలివ్వడానికే దర్బారు అప్పులపాలైంది. చివరికి 1853లో బీరార్‌ను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. ఇక అరబ్బు, రోహిల్లా జమేదార్లు జీతం బకాయి పడితే ఎదురుతిరిగేవారు. ఊళ్లలో జమీందార్లు శిస్తు ఎగ్గొట్టేవారు.

1830లలో నిజాం దివాను మహారాజా చందూలాల్. పంజాబీ ఖత్రీ వంశం ఆయనది. లాహోర్‌లో మహారాజా రంజిత్‌సింగ్ ఏలుతున్నాడు. కంపెనీకి లొంగని పెద్ద రాజ్యం దేశంలో అదొక్కటే. గురు గోవింద్‌సింగ్ 1708లో తనువు చాలించిన నాందేడ్ నిజాం ఇలాకాలోనే ఉంది. రంజిత్‌సింగ్ సాయంతో అక్కడ హజూర్ సాహెబ్ గురుద్వారా కట్టడం లేచింది కూడా ఆ 1830లలోనే. చందూలాల్ అడిగాడు, రంజిత్‌సింగ్ 1832లో దళాలను పంపాడు. అదే లాహోరీ ఫౌజు. శిస్తు వసూలు, ఖజానాల కాపలా వాళ్ల పని. ఇంగ్లీషు అధికారుల చేతికింద లేని బలగం కావాలన్నదే చందూలాల్ అసలు ఉద్దేశమని నా నమ్మకం.

రంజిత్‌సింగ్ 1839లో పోయాడు. పదేళ్లలో, రెండు యుద్ధాల తర్వాత, 1849 మార్చిలో పంజాబ్ కంపెనీ పాలైంది. పటియాలా, నాభా, జీంద్, కపుర్తలా వంటి సిక్కు సంస్థానాలు బ్రిటిష్ నీడన నిలిచాయి. లాహోర్ దర్బారు మాత్రం మిగల్లేదు. ఆ దర్బారు పంపిన ఫౌజు మాత్రం ఇక్కడ నిజాం కొలువులోనే కొనసాగింది. నాకు ఈ కథలో అన్నిటికంటే మనసుకు పట్టేది ఇదే. సిపాయిల్లో చాలామంది ఇక్కడి ఆడపడుచులనే పెళ్లాడారు. పిల్లలకు తెలుగూ దక్కనీ వచ్చాయి, తలపాగా, కృపాణం పోలేదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలనా ముగిసింది. ఆ సిపాయిల వారసులే నేటి దక్కనీ సిక్కులు. అత్తాపూర్‌లోనే కాదు, తెలంగాణ జిల్లాల్లోనూ ఉన్నారు.