దానంతటదే తెరుచుకునే ఫైలు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. జకార్డ్ బిగించిన సాంచా, గొలుసులో తర్వాత ఏ అట్ట వస్తే ఆ డిజైనే నేస్తుంది. నేసేవాణ్ని అడగదు. డిజైన్ మారాలంటే అట్టలు మార్చాల్సిందే.

1991లో హ్యూలెట్ ప్యాకార్డ్ తెచ్చిన 95ఎల్ఎక్స్ అనే జేబు కంప్యూటర్‌దీ ఇదే తీరు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే ఆ బుజ్జి మెషీన్‌లో డాస్, లోటస్ 1-2-3 ముందే ఉండేవి. లోటస్ తెరవగానే తన ఫోల్డర్‌లో ఆటో123 అనే ఫైలు ఉందేమో చూసేది. ఉంటే దాన్నే లోడ్ చేసేది. రోజూ ఒకే లెక్కల పట్టీ చూసేవాళ్ళకి ఇది హాయి. వద్దనుకుంటే ఉపాయం కూడా సులువే: ఫైలు పేరు మార్చెయ్యడం. అప్పుడు ఖాళీ పట్టీ తెరుచుకునేది.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ 1995లో వర్డ్ ఫైళ్ళలో పాకిన కాన్సెప్ట్ వైరస్ దూరింది ఇలాంటి తలుపులోంచే. ఫైలు తెరిస్తే చాలు, ఆటోఓపెన్ మాక్రో తనంతట తనే నడిచేది.

సౌకర్యం కోసం మెషీన్‌కి అప్పగించిన నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా మన చేతిలో ఉండాలి. 95ఎల్ఎక్స్‌లో అది ఒక పేరు మార్పంత దూరం. ఇవాళ ఫోన్ తెరవగానే ముందు ఏది కనపడాలో నిర్ణయించే ఫైలు పేరేంటో మనకి తెలీదు, మార్చడం తర్వాతి మాట.