ఆట నియమాల సవరణ

ఆట నియమాల్లో దొర్లిన తప్పులను, వదిలేసిన ఖాళీలను పట్టుకుని సరిదిద్దే పని. 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన పాత్రధారణ ఆటలకు లావుపాటి నియమ పుస్తకాలుంటాయి. ప్రచురణకర్తలు వాటికి తప్పొప్పుల పట్టికలు ఇస్తుంటారు. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో మాత్రం అష్టాచెమ్మా, పులిమేక వంటి ఆటల నియమాలు నోటిమాటగానే సాగాయి.

ఆడే తీరును సరిగా రాసిపెట్టాలన్న విషయంలో మొదట తలచుకోవలసిన వ్యక్తి రచయిత సురవరం ప్రతాపరెడ్డి (1896–1953). ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. పాత కావ్యాల్లోని ఆటల పేర్లకు నిఘంటువులు ‘క్రీడావిశేషం’ అని రాసి ఊరుకోవడాన్ని ఆయన తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకంలో తప్పుపట్టారు. ఆడే తీరు చెప్పని అర్థం అర్థమే కాదు. ఆ పట్టింపు నేటికీ అవసరమే.

నియమాల్లోని తప్పును పట్టుకోవడానికి ఆడి చూడడమే దారి. పులిమేకలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్లు. పుస్తకంలో వేసిన ఆట బొమ్మలో ఒక్క గీత తగ్గినా పులి దూకే దారి మూసుకుపోతుంది. మేకలన్నీ దిగాకే వాటిని కదపాలన్న మాట రాయకపోతే తగవు తప్పదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలతో పడేవి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది మాత్రమే. ‘ఐదు పడితే’ అని అచ్చయిందంటే అది తప్పే. గవ్వ ఒరిగి నిలబడితే మళ్లీ వేయాలా అన్నది మాత్రం ఆటకు కూర్చునే ముందే తేల్చుకోవాలి.