కుంటాల జలపాతము

ఆదిలాబాదు జిల్లా నేరేడిగొండ మండలమున, దట్టమైన యడవి నడుమ, కడెం నది సుమారు 150 అడుగుల యెత్తునుండి అంచెలంచెలుగా దూకుచున్నది. అదియే కుంటాల జలపాతము.

దీని వైభవము వానకారుది. నైరృతి ఋతుపవనములు తొలకరించిన పిదప వాగులన్నియు నేకమై, శ్రావణ భాద్రపదములలో బండలు కానరాకుండ నురుగులు గ్రక్కుచు ఘోషించును. కార్తికము దాటిన కొలది ధార సన్నగిల్లును. నడివేసవికి రాతిగుండములలోని నీరే ప్రధానముగా మిగులును. గంగకువలె దీనికి ఎగువను మంచుకొండలు లేవు. అడవినేల పీల్చి దాచిన వాననీరే దీని నిల్వ. అడవి తఱిగినచో ఆ నిల్వయు తఱుగును.

దుష్యంతుని పత్నియగు శకుంతల యిచట జలకమాడెననియు, ఆమె పేరే దీనికి వచ్చెననియు లోకులు చెప్పుకొందురు. కథ రమ్యమైనదే. కాని భారతమును, కాళిదాసుని నాటకమును కణ్వాశ్రమమును మాలినీ నదీతీరమున నిలిపినవి. ఆ నది హిమవత్ప్రాంతమునది. ఇక రెండవ వ్యుత్పత్తి నేలకు దగ్గఱగా నున్నది. తెలుగునను, ఇచటి గోండుల భాషయందును నీరు నిలుచు తావును కుంట యందురు. పెక్కు కుంటలు గల చోటు కుంటాల యయ్యెను. పురాణ నామముకంటె అడవిబిడ్డలు పెట్టిన పేరే స్థలలక్షణమును చక్కగా దెలుపుచున్నది.

జలపాతము చెంత గుహలో సోమేశ్వరుడు వెలసియున్నాడు. నీరు తగ్గిన మాఘమాసమున, మహాశివరాత్రినాడు భక్తులు వచ్చి యర్చింతురు.

ఈ నది శాంతమూర్తి మాత్రమే కాదు. దిగువన కట్టుచుండిన కడెం ఆనకట్టకు 1958 ఆగస్టు వరదలో గండి పడినది. పిమ్మట దానిని బాగుచేసిరి. 2022 జూలైలో గేట్లు తెఱచినను వరద వానిపైనుండి పొర్లినది. ఆనకట్ట మాత్రము నిలిచినది.

ఆ కుంటలే నేడు మృత్యుముఖములును అగుచున్నవి. పైకి నిశ్చలముగా దోచు గుండముల లోతెఱుగక దిగి యెందఱో యువకులు ప్రాణములు గోల్పోయిరి. ఇచట ఎండ కాయుచున్నను, ఎగువ వాన కురిసినచో నీరు హఠాత్తుగా పెరుగును. కావున దర్శింపబోవువారు గట్టుననే నిలిచి చూచుట మేలు. పెద్దలు ఆ తావునకు పేరు పెట్టుటలోనే హెచ్చరికయు నిమిడియున్నది. పేరునకు అర్థమెఱిగినవాడు కుంటలో కాలిడడు.