కూటసాక్ష్యము పలుకు సంఖ్యలు

సామాజిక మాధ్యమములలో ఒకని పేరు క్రింద కనబడు ఫాలోవర్ల లెక్క వట్టి అంకె కాదు. ఇందఱు మనుష్యులు తమంతట తామే వచ్చి ఈతని మాట వినుటకు ఇచ్చగించిరని లోకమునకు చెప్పు సాక్ష్యమది. దానిని చూచియే వ్యాపారి ప్రకటనకు సొమ్మిచ్చును, పాత్రికేయుడు గౌరవించును, పామరుడు నమ్మును. కావున దొంగ ఖాతాలతో ఆ లెక్కను పెంచుటను ఆడంబరమని ఉపేక్షింపరాదనియు, మనుస్మృతి సురాపానసమముగా గణించిన కూటసాక్ష్యముతోనే చేర్చి విచారింపవలెననియు నా అభిప్రాయము.

ఈ విషయమున డెవుమీ అను అమెరికా సంస్థ వృత్తాంతము మిక్కిలి పరిశీలనార్హము. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాని గుట్టు బయలుపఱచునాటికి, ఆ సంస్థ కనీసము 35 లక్షల యంత్రచాలిత ఖాతాలను చేతనుంచుకొని, ఒక్కొక్కదానిని పలుమార్లు అమ్ముచు, సుమారు 20 కోట్ల ట్విట్టరు ఫాలోవర్లను కొనుగోలుదార్లకు సమకూర్చియుండెను. ఇంతవఱకు ఇది కల్తీ సరకు వర్తకమే. కాని వానిలో 55,000కు తక్కువ కాని ఖాతాలు సజీవులైన మనుష్యుల పేరును, ముఖచిత్రమును, ఊరిపేరును అపహరించి కట్టినవి. ఇంగ్లీషు చిన్న ‘ఎల్’ ఉన్నచోట పెద్ద ‘ఐ’ నిలిపినట్లు, కంటికి తెలియకుండ అసలు పేరులో ఒక్క అక్షరము మార్చిన చాలును, క్రొత్త మనిషి పుట్టును. ఇట్లు ముఖము పోగొట్టుకొన్నవారిలో మైనర్లును ఉండిరి. అట్టి ఖాతాలలో కొన్ని, అసలు వ్యక్తి ఎఱుగని భాషలలో ఎఱుగని సరకులను, తుదకు అశ్లీలచిత్రములను సయితము ప్రచారము చేసినవి. మోసపోయిన ప్రకటనదారుని నష్టమును డాలర్లలో లెక్కించు మన చర్చలలో, ముఖము పోయిన ఈ పిల్లల ప్రస్తావన అరుదుగా వచ్చుట నాకు దుఃఖము కలిగించుచున్నది.

ఈ మోసమును పట్టిన పద్ధతియు గమనింపదగినది. ఫాలోవర్లు చేరిన వరుసను అడ్డముగాను, వారి ఖాతాలు పుట్టిన తేదీలను నిలువుగాను పటముపై గుర్తించినచో, సహజముగా వచ్చినవారు చల్లిన గింజలవలె చెదరియుందురు. కొని తెచ్చినవారు, ఒక్క కాలమున పుట్టి ఒక్కుమ్మడిగా చేరినవారగుటచే, చీర అంచు చారలవలె బారులు తీరి కనబడుదురు.

చిహ్నములింత స్పష్టముగా ఉన్నను మాధ్యమసంస్థల కావలి ఎంత పలుచనిదో, లాట్వియా రాజధాని రీగాలోని నాటో వ్యూహాత్మక సమాచార కేంద్రము 2019లో ప్రకటించిన పరీక్ష తెలుపుచున్నది. అచటి పరిశోధకులు కేవలము 300 యూరోలతో 3,530 వ్యాఖ్యలను, 25,750 లైకులను, 20,000 వీక్షణలను, 5,100 ఫాలోవర్లను కొనిరి. నాలుగు వారములు గడచిన పిదపను వానిలో అయిదింట నాలుగు పాళ్లు చెక్కుచెదరక నిలిచియుండెను.

శాసనము మెల్లగా వచ్చినది. 2019 అక్టోబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను డెవుమీ యజమానిపై 25 లక్షల డాలర్ల దండన విధించినను, రెండున్నర లక్షలు చెల్లించినచో తక్కినది నిలుపబడునని అంగీకరించెను. 2024 ఆగస్టు నాటి నియమమున ఆ కమిషను, అమ్మినవానితోపాటు, ఎఱిగి కొన్నవానిని కూడ దోషిగా చేర్చుట సమంజసమైన పని. అయినను ఆ నియమము వాణిజ్యప్రయోజనమునకే పరిమితము; రాజ్యాధికారము కొఱకు కొనితెచ్చు సాక్ష్యమునకు అది వర్తింపదు. హోండురాస్ నాటి అధ్యక్షుడు హువాన్ ఓర్లాండో హెర్నాండెజ్ పేజీని నడపువారిలో ఒకరు, వందలకొలది పేజీలకు మనుష్యుల వేషము వేసి ఆయన వ్రాతలకు లైకులు కురిపించుచున్నారని ఫేస్‌బుక్‌లో పనిచేసిన సోఫీ జాంగ్ కనుగొని తెలిపిన పిదప, ఆ సంస్థ వానిని తొలగించుటకు సుమారు 11 నెలలు పట్టెను. అన్ని నెలలును ఆ లైకులు ఆ దేశపు పౌరుల అభిమతముగానే లెక్కకు వచ్చుచుండెను.